తమ్ముడికి మాటలు వినిపించడం ఆగింది, కానీ మనిషిలో కదలిక లేదు. ఇంకో మాత్ర కలిపితే ఉపయోగం ఉంటుందా?

ఖమ్మం_అక్క

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడికి 27 ఏళ్ళు. బీటెక్ చివరి సంవత్సరంలో ఉండగా స్కిజోఫ్రీనియా మొదలైంది. ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపించేవి, ఇంట్లో కెమెరాలు పెట్టారని గోడలన్నీ తడిమి చూసేవాడు, మా నాన్న చేతి అన్నం కూడా తినేవాడు కాదు. రెండు మూడుసార్లు మందులు మార్చాక రిస్పెరిడోన్ పనిచేసింది. ఇప్పుడు రోజుకు 6 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాడు, దానితో పాటు ట్రైహెక్సీఫెనిడిల్ 2 మిల్లీగ్రాములు పొద్దునా సాయంత్రం. రెండేళ్ళుగా మాటలు లేవు, అనుమానాలు లేవు. దానికి ఆ దేవుడికి, డాక్టర్ గారికి రుణపడి ఉంటాం.

కానీ మనిషి మాత్రం మాకు తిరిగి రాలేదు. పొద్దున లేచి వరండాలో కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా అదే కుర్చీ. చెబితే స్నానం చేస్తాడు, చెప్పకపోతే నాలుగు రోజులైనా చేయడు. ఏది అడిగినా "ఏమో", "ఊఁ", అంతే. క్యారమ్స్ అంటే ప్రాణం పెట్టేవాడు, ఇప్పుడు బోర్డు ముందు పెట్టినా చూడడు. మమ్మల్ని పెంచిన పెద్దమ్మ మొన్న సంక్రాంతికి ముందు చనిపోయింది. అందరం ఏడుస్తుంటే వీడు గోడకు ఆనుకుని అలాగే నిలబడ్డాడు, ముఖంలో ఏమీ లేదు. చుట్టాలు అన్న మాటలు ఇక్కడ రాయలేను. అమ్మ మాత్రం ఇంకా "బద్ధకం ఎక్కువైంది" అనే అంటుంది.

పోయిన నెల డాక్టర్ గారికి చెబితే ఇవి నెగటివ్ లక్షణాలు (ఉత్సాహం, మాట, ముఖంలో భావం తగ్గిపోవడం), ఫ్లూఆక్సెటిన్ అని ఇంకో మాత్ర కలిపి చూద్దాం అన్నారు. చీటీ రాసి ఇచ్చారు, ఇంకా మొదలుపెట్టలేదు. ఈలోగా డల్లాస్‌లో ఉండే మా పెదనాన్న గారి అబ్బాయి మెమంటీన్, మినోసైక్లిన్, ఇంకా అమెరికాలో వచ్చిన కొత్త మందు అని ఒక పెద్ద లిస్టు పంపాడు. ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇలా ఉన్న మందుకు ఇంకో మందు కలిపితే నిజంగా మార్పు వచ్చినవాళ్ళు ఉన్నారా? ఉన్న కాస్త ప్రశాంతత పోయి మళ్ళీ ఆ మాటలు మొదలవుతాయేమో అనే భయం కూడా ఉంది.

జిల్లా_సైకియాట్రిస్ట్

అమ్మా, నేను ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ చూస్తాను. మీ తమ్ముణ్ణి నేను చూడలేదు కాబట్టి ఇది వేయండి, అది ఆపండి అని చెప్పను. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం చెబుతాను, వాటితో మీ డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళండి.

ఏ మాత్ర కలపాలి అనే ప్రశ్న కంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఈ మందకొడితనం ఎక్కడి నుంచి వస్తోంది? బయటికి ఒకేలా కనిపించినా వెనక కారణాలు వేరు వేరు. జబ్బులోనే భాగంగా వచ్చేది ఒకటి. ఇంకో కారణం వల్ల వచ్చి, అచ్చం అలాగే కనిపించేది ఇంకొకటి. ఈ రెండో రకానికి కారణం పట్టుకుంటే చాలాసార్లు తగ్గుతుంది. మొదటి రకం కష్టం.

మీరు రాసినదాంట్లో నా కళ్ళు ఆగింది 6 మిల్లీగ్రాముల దగ్గర. రిస్పెరిడోన్ మెదడులో డోపమైన్‌ను అడ్డుకుంటుంది, మాటలు ఆగింది అందుకే. అదే డోపమైన్ కదలికలకూ కావాలి, ఒక పని చేయాలనే ఉత్సాహానికీ కావాలి. డోసు ఆ మనిషికి ఎక్కువైతే ముఖం బిగుసుకున్నట్టు అవుతుంది, రెప్పలు తక్కువ కొట్టుకుంటాయి, నడిచేటప్పుడు చేతులు ఊగవు, అడుగులు చిన్నవవుతాయి, మాట మెల్లగా ఒకే స్వరంలో వస్తుంది. పార్కిన్సన్ జబ్బులో కనిపించేవే ఇవన్నీ. ఇంట్లోవాళ్ళకు ఇది "ముఖంలో ఏమీ లేదు" అన్నట్టే ఉంటుంది. మీ తమ్ముడు నడిచేటప్పుడు చేతులు ఊగుతున్నాయా, ఒక్కసారి వెనక నుంచి చూడండి. సంతకం మునుపటి కంటే చిన్నదైందా చూడండి. డాక్టర్ గారిని అతని మోచేయి, మణికట్టు వంచి చూడమని అడగండి. అందులో తప్పేం లేదు, రెండు నిమిషాల పని, ఓపీలో రద్దీ వల్ల తప్పిపోతూ ఉంటుంది.

ట్రైహెక్సీఫెనిడిల్ ఆ బిగుతు తగ్గించడానికే ఇస్తారు. కానీ దాన్ని ఏళ్ళ తరబడి వాడితే జ్ఞాపకం, ఆలోచన మందగించవచ్చు. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది. అయినా దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. డిప్రెషన్ ఉందా? డిప్రెషన్ ఉన్న మనిషి బాధగా ఉంది, నేను దేనికీ పనికిరాను అంటాడు, నిద్ర, ఆకలి మారతాయి. నెగటివ్ లక్షణాల్లో బాధ కంటే ఖాళీతనం ఎక్కువ. చావు మాట ఎప్పుడైనా ఎత్తితే మాత్రం ఆగకుండా అదే రోజు తీసుకెళ్ళండి. ఆ వినిపించే మాటలు నిజంగానే పోయాయా, లేక చెప్పడం మానేశాడా అన్నదీ అడగాలి, భయంతో నోరు విప్పనివాళ్ళూ ఉంటారు. థైరాయిడ్, షుగర్, రక్తం తక్కువ కావడం, పగటి మత్తు కూడా చూడాలి. ఇన్నేళ్ళుగా ఒక మనిషికి చేయడానికి పని గానీ, వెళ్ళడానికి చోటు గానీ, మాట్లాడటానికి స్నేహితుడు గానీ లేకపోతే, జబ్బు లేనివాడైనా ఇలాగే అవుతాడు, దీన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇవన్నీ చూశాక కూడా మిగిలితే అప్పుడు కలపడం గురించి. యాంటీడిప్రెసెంట్, అంటే ఫ్లూఆక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందు, కలపడం కొత్త ప్రయోగం కాదు. 2016లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష 82 అధ్యయనాలను, 3600 మందికి పైగా రోగులను కలిపి చూసింది. నెగటివ్ లక్షణాల్లో ప్రయోజనం ఉంది, కానీ సగటున అది చిన్నది. మీ భయానికి సమాధానం కూడా అందులోనే ఉంది, యాంటీడిప్రెసెంట్ కలిపినంత మాత్రాన సైకోసిస్ (ఆ మాటలు, అనుమానాలు) తిరగబెట్టడం ఎక్కువ కాలేదు. అయితే మీ విషయంలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఫ్లూఆక్సెటిన్ కాలేయంలో రిస్పెరిడోన్ విరిగే దారిని అడ్డుకుంటుంది, దానివల్ల రక్తంలో రిస్పెరిడోన్ పెరుగుతుంది. చీటీలో 6 అనే ఉన్నా శరీరం మీద అంతకంటే ఎక్కువ పనిచేస్తుంది. బిగుతు ముందే ఉన్నవాడికి అది ఇంకా పెరగొచ్చు. కాబట్టి మీ డాక్టర్ గారిని సూటిగా అడగండి: "ఇది కలిపితే రిస్పెరిడోన్ తగ్గించాలా సార్? లేక సెర్ట్రలిన్ లాంటిది నయమా?"

మీ అన్నయ్య పంపిన లిస్టు సంగతి. మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మీద కొన్నేళ్ళు చాలా ఆశ ఉండేది. బ్రిటన్‌లో 207 మందికి ఏడాది పాటు ఇచ్చి చూశారు, 2018లో ఫలితం వచ్చింది, ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా లేదు. మెమంటీన్ మతిమరుపు జబ్బుకు వాడే మందు, కొన్ని చిన్న అధ్యయనాల్లో బాగుంది అన్నారు, కానీ 2009లో 138 మందితో చేసినదాంట్లో ప్రయోజనం కనిపించలేదు. బిటోపెర్టిన్ అనే మందు 2014లో ఫెయిలైంది. పిమావాన్సెరిన్ మొదటి పరీక్షలో కాస్త ఆశ చూపించి, 2024లో రెండో పరీక్షలో నిలబడలేదు. అమెరికా కొత్త మందు అంటే కోబెన్‌ఫీ అనుకుంటాను, 2024 సెప్టెంబరులో అక్కడ అనుమతి వచ్చింది. అది విడిగా వాడటానికి. ఉన్న మందుకు కలిపి ఇచ్చిన పరీక్షలో మాత్రం 2025లో అనుకున్న ఫలితం రాలేదు. ఇవన్నీ నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. ఈ లక్షణాలకు ప్రపంచం మొత్తం పాతికేళ్ళుగా మందు వెతుకుతోంది, ఇంకా గట్టిగా దొరకలేదు. మీ డాక్టర్ గారి చేతిలో ఏదో ఉండి ఇవ్వడం లేదని మాత్రం అనుకోవద్దు.

కలపడం కాకుండా మార్చడం అనే దారి కూడా ఉంది. నెగటివ్ లక్షణాలే ప్రధానంగా ఉన్న 461 మందిలో కారిప్రజిన్‌నూ రిస్పెరిడోన్‌నూ 26 వారాలు పోల్చి చూశారు, 2017లో వచ్చింది, కారిప్రజిన్ వైపు ఓ మోస్తరు తేడా కనిపించింది. అది మన దగ్గర కూడా దొరుకుతుంది. ఎమిసల్‌ప్రైడ్ తక్కువ డోసులో, అంటే 50 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్య ఇవ్వడం కూడా ఉంది. కానీ రెండేళ్ళుగా నిలకడగా ఉన్నవాడిలో మందు మార్చడం చిన్న నిర్ణయం కాదు, చాలా మెల్లగా, తరచూ చూస్తూ చేయాలి.

చివరగా ఒక్కటి. ఏది కలిపినా ఒకసారికి ఒక్కటే కలపాలి, ఎందుకు కలిపామో రాసుకోవాలి, ఎన్ని వారాల తర్వాత చూసి ఉంచాలో తీసేయాలో ముందే మాట్లాడుకోవాలి.

బెజవాడ_అమ్మ

తల్లీ, నీ పోస్టు చదివి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా వాడికిప్పుడు 34. డాక్టర్ గారు చివర్లో రాసిన మాట నాకు పదేళ్ళ కిందట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఒక ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం, వెళ్ళినప్పుడల్లా ఇంకా అలాగే ఉన్నాడు సార్ అనేదాన్ని, ఆయన ఒక మాత్ర కలిపేవారు. తీసేయడం ఎప్పుడూ లేదు. మూడేళ్ళకు ఏడు రకాలయ్యాయి. ఏది దేనికో నాకు తెలియదు, అడిగితే "వాడండమ్మా" అనేవారు. పగలు పన్నెండింటికి లేచేవాడు, లాలాజలం కారుతుండేది. తర్వాత వేరే డాక్టరమ్మ దగ్గరికి మారాం, ఆమె మొదటి రోజే చీటీలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ ఎప్పుడు మొదలైందో అడిగారు. ఏడాది పట్టింది, ఏడు రకాలు మూడయ్యాయి. అప్పుడు పగలు మెలకువగా ఉండటం మొదలుపెట్టాడు.

కలిపితే బాగుపడినవాళ్ళు లేరా అన్నావు, మాకు మిర్టజపిన్ కలిపారు ఒకసారి. నిద్ర బాగా పట్టింది, ముఖంలో కొంచెం కళ వచ్చింది, మాట కూడా పెరిగింది నిజంగానే. కానీ నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగాడు, షుగర్ అంచుకు వచ్చింది, అందుకని ఆపారు. ఆపాక మాట మళ్ళీ తగ్గింది. అంటే మందు పనిచేసింది, మా వాడి ఒంటికి సరిపడలేదు. నీ తమ్ముడికి ఇంకోలా ఉండొచ్చు. కలిపే రోజున బరువు చూసి రాసిపెట్టుకో.

ఇంకోటి. అమ్మతో మాట్లాడు. బద్ధకం అనే మాట నేనూ అన్నాను, ఏళ్ళ తరబడి అన్నాను. వాడు ఇంకా గదిలోకి ముడుచుకున్నాడు తప్ప ఏమీ కాలేదు. స్నానం చెయ్, బయటికి వెళ్ళు అని పెద్ద పనులు చెప్పడం మానేసి, "ఈ చిక్కుడుకాయలు ఈనెలు తీసి పెట్టు నాన్నా, నా చేతులు ఖాళీ లేవు" అని పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాను. మొదట్లో రెండు కాయలు తీసి లేచిపోయేవాడు. ఇప్పుడు రోజూ పొద్దున పాల కేంద్రానికి తనే వెళ్తాడు. అంతకంటే ఎక్కువ మాకు రాలేదు, అయినా ఆ పాల క్యాను ఊపుకుంటూ వస్తుంటే గేటు దగ్గర నిలబడి చూస్తాను. సదరం (వైకల్య) సర్టిఫికెట్‌కు కూడా అప్లై చెయ్యి, మానసిక జబ్బుకు కూడా ఇస్తారు, చాలామందికి తెలియదు.

నిదానంగా_నేను

నాకు ఈ జబ్బు ఉంది. పదకొండేళ్ళు. చుట్టాల మాటలు మీరు రాయలేదు గానీ నేను ఊహించగలను.

బయటి నుంచి చూసేవాళ్ళకు నేను ఏమీ చేయడం లేదు. లోపల ఎలా ఉంటుందంటే, లేచి మంచినీళ్ళు తాగాలని అనుకుంటాను, దాహం కూడా వేస్తుంది, కానీ ఆ అనుకోవడానికీ కాళ్ళు కదలడానికీ మధ్య ఉండాల్సిన తీగ తెగిపోయినట్టు ఉంటుంది, అలా గంట గడిచిపోతుంది, ఎవరైనా గ్లాసు చేతికిస్తే గటగటా తాగేస్తాను. దాన్ని చూసి మా నాన్న "ఇస్తే తాగుతాడు, లేచి తెచ్చుకోడు" అనేవారు. అది బద్ధకం కాదు అక్కా. బద్ధకంలో ఒక సుఖం ఉంటుంది కదా, ఇందులో ఏ సుఖమూ లేదు.

పెద్దమ్మ గారి సంగతి చదివి ఇది తప్పకుండా రాయాలనిపించింది. మా తాతయ్య పోయినప్పుడు నేనూ ఏడవలేదు. లోపల మాత్రం ఊపిరి ఆడలేదు, తాతయ్య చెప్పులు చూసిన ప్రతిసారీ గుండెలో ఏదో నలిగేది. అది ముఖం మీదికి రాలేదు, అంతే. మీ తమ్ముడికి బాధ లేదని అనుకోకండి. ఒక రోజు పక్కన కూర్చుని పెద్దమ్మ గురించి మీరే మాట్లాడండి, అతను ఏమీ అనకపోయినా సరే.

మందుల సంగతికి వస్తే నాకు రిస్పెరిడోన్ నుంచి కారిప్రజిన్‌కు మార్చారు, దాదాపు మూడు నెలలు పట్టింది. మొదటి నెల నరకం, కాళ్ళు ఒకచోట నిలవనిచ్చేవి కావు, గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాణ్ణి, నిద్ర లేదు. డాక్టర్ గారు డోసు తగ్గించి, ప్రొప్రనాలాల్ ఇచ్చారు, తగ్గింది. ఇప్పుడు ఏడాదిన్నర. పెద్ద మార్పు అనను. కానీ ఈ పోస్టు నేనే రాశాను, రెండు సిట్టింగుల్లో. అంతకుముందు వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌కు జవాబు ఇవ్వడానికే వారం పట్టేది.

మెడికల్_షాప్_మనిషి

మేడమ్, చిన్న మాట. మెమంటీన్ గానీ మినోసైక్లిన్ గానీ చీటీ లేకుండా అడిగితే ఇచ్చే షాపులు ఉంటాయి, దయచేసి అలా కొనకండి. ఇంకో విషయం, తమ్ముడు సిగరెట్ తాగుతాడేమో డాక్టర్ గారికి చెప్పండి. రిస్పెరిడోన్ మీద దాని ప్రభావం పెద్దగా ఉండదు గానీ, రేపు ఓలంజపిన్‌కో క్లోజపిన్‌కో మారిస్తే చాలా ముఖ్యం, తాగేవాళ్ళ రక్తంలో ఆ మందులు తగ్గుతాయి, ఒక్కసారిగా మానేస్తే పెరిగిపోతాయి. డాక్టర్ గారిని వెంటనే కలవలేని రోజు ఉంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రకృతి_బాట

నేను చెప్పేది ఎవరికీ నచ్చకపోవచ్చు. ఈ మొద్దుబారడం మందుల వల్లే అని డాక్టర్ గారే ఒప్పుకుంటున్నారు కదా, మరి ఆ మందులు ఆపేసి యోగా చేయిస్తే సరిపోతుంది. మా బంధువుల అమ్మాయి ఆపేసింది, ఇప్పుడు ఎంతో చురుగ్గా ఉంది.

జిల్లా_సైకియాట్రిస్ట్

మీ బంధువుల అమ్మాయి బాగుండాలని కోరుకుంటున్నాను. కానీ ఇది చదివి ఎవరూ మందులు ఆపకూడదు కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను. మందు ఆపిన మొదటి వారాల్లో బిగుతు, మత్తు తగ్గి మనిషి తేలిగ్గా కనిపిస్తాడు. జబ్బు తిరగబెట్టడం తర్వాత నెలల్లో వస్తుంది, తిరగబెట్టాక మునుపటి స్థితికి రావడం కొందరికి కష్టమవుతుంది. మందు ఎక్కువైందేమో చూడండి అనడానికీ, మందు వద్దు అనడానికీ చాలా దూరం ఉంది.

యోగా గురించి మాత్రం మీతో కలుస్తాను. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు 120 మందిని మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు యోగా, ఒక గుంపుకు వ్యాయామం, ఒక గుంపుకు ఏదీ లేకుండా చూశారు, 2012లో ప్రచురించారు. యోగా చేసినవాళ్ళలో నెగటివ్ లక్షణాలు బాగా తగ్గాయి. ఆ 120 మందీ మందులు వాడుతూనే ఉన్నారు. అది మందుకు తోడు, మందుకు బదులు కాదు.

ఖమ్మం_అక్క

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మూడు వారాలైంది. మీరందరూ రాసింది కాగితం మీద ఎక్కించుకుని వెళ్ళాను. అడగడానికి భయమేసింది, కానీ డాక్టర్ గారు కోప్పడలేదు. తమ్ముడి చేయి వంచి చూశారు. పళ్ళ చక్రం తిప్పినట్టు ఆగి ఆగి వస్తోంది అని నాకు కూడా పట్టుకుని చూపించారు. వరండా చివరి దాకా నడిపించారు, ఎడమ చేయి అసలు ఊగలేదు, ఇన్నాళ్ళూ ఇంట్లో కళ్ళ ముందే ఉన్నా నేను గమనించలేదు. ఫ్లూఆక్సెటిన్ ప్రస్తుతానికి పక్కన పెట్టారు. రిస్పెరిడోన్ 6 నుంచి 5 చేశారు, నెల తర్వాత బాగుంటే 4. మాటలు గానీ, నిద్ర పట్టకపోవడం గానీ మొదలైతే వెంటనే రమ్మన్నారు. థైరాయిడ్ పరీక్ష చేశారు, బాగానే ఉంది. అప్పటికీ ఇలాగే ఉంటే సెర్ట్రలిన్ కలిపి పన్నెండు వారాలు చూద్దాం, లాభం లేకపోతే తీసేద్దాం అన్నారు.

అన్నయ్యకు ఫోన్ చేసి లిస్టు సంగతి చెప్పాను. అమ్మ చేత "నిదానంగా నేను" తమ్ముడు రాసింది చదివించాను. చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి బద్ధకం అన్న మాట ఆమె నోట వినలేదు. పెద్దమ్మ గురించి కూడా ఒక సాయంత్రం వాడి పక్కన కూర్చుని మాట్లాడాను, ఆమె చేసే సకినాల గురించి. వాడు ఏమీ అనలేదు. లేచి వెళ్ళిపోలేదు కూడా.

నిన్న చిక్కుడుకాయలు దొరకలేదు, బెండకాయలు కడిగి తుడవమని ఇచ్చాను. ఐదు తుడిచాడు. రాసుకున్నాను. బెజవాడ అమ్మగారూ, మీ అబ్బాయి మొదట్లో మధ్యలో లేచిపోయినప్పుడు మీరు మళ్ళీ పిలిచేవారా, అలా వదిలేసేవారా?

బెజవాడ_అమ్మ

వదిలేసేదాన్ని తల్లీ. మిగిలినవి నేను తీసుకుంటూ, రేపటికి కొన్ని పక్కన పెట్టేదాన్ని.